వెదురు కాని వెదురు, చేపలతొట్టిలో

వరోరాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళకు ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా ముందుగదిలో రెండు వస్తువులు కనిపిస్తున్నాయి. ఒకటి, గాజుగ్లాసులో ఎర్రదారం కట్టుకుని నిలబడ్డ మూడో అయిదో ఆకుపచ్చ కాడలు. రెండోది చేపలతొట్టి. బొగ్గుగనుల కోసం కొందరు, రైల్వే కోసం కొందరు, ఆ తర్వాత విద్యుత్ కేంద్రాల కోసం మరికొందరు వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు మనవి. పెరడు లేని క్వార్టర్లలో, రెండో అంతస్తు ఇళ్ళలో పచ్చగా ఏదైనా పెంచుకోవాలన్న కోరిక సహజమే కదా. ఇప్పుడు కొత్తగా ఈ రెంటినీ కలిపి, చేపలతొట్టిలోనే ఆ కాడలను నిలబెట్టి పెంచుతున్నారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. మా ఇంట్లోనూ మూడేళ్ళుగా ఉంది.

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. చదివింది బీకాం, చేసేది బ్యాంకు ఉద్యోగం. కాకపోతే అప్పు ఇచ్చేముందు ఆస్తి ఎవరి పేరున ఉందో చూడడం మాకు అలవాటు. ఆ అలవాటుకొద్దీ ఈ లక్కీ బాంబూ పేరు కూడా విచారించాను. తేలిందేమిటంటే, ఇది వెదురు కాదు. వెదురుకు చుట్టం కూడా కాదు. దీని శాస్త్రీయనామం డ్రసీనా శాండరియానా. పుట్టిల్లు చైనా అనుకుంటాం, అదీ కాదు. మధ్య ఆఫ్రికాలో కామెరూన్ ప్రాంతపు అడవుల్లో పెద్దచెట్ల నీడన పెరిగే మొక్క. ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో ఆర్కిడ్ల వ్యాపారం చేసిన శాండర్ అనే జర్మన్ తోటమాలి పేరు దీనికి పెట్టారు. తైవాన్, చైనా వర్తకులు దీన్ని కాడలుగా కోసి, మెలికలు తిప్పి, దారాలు కట్టి ప్రపంచమంతా అమ్మారు. చైనా భాషలో దాని పేరుకు సంపద, హోదా, వెదురు అని మూడు మాటల అర్థం వస్తుంది. అంత మంచి పేరు పెట్టాక సరుకు అమ్ముడుపోక ఏంచేస్తుంది?

కుటుంబం రీత్యా చూస్తే ఇది ఆస్పరాగస్ వర్గానికి చెందింది. అంటే మన పల్లెల్లో పిల్లితేగలు అని తవ్వుకునే శతావరికి ఇది దూరపు బంధువు. అసలు వెదురేమో గడ్డిజాతి. వరి, చెరకు, జొన్న దాని అన్నదమ్ములు.

అసలు వెదురు సంగతి మన జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. చంద్రపూర్, గడ్చిరోలి అడవుల నిండా అదే. 1945లో మొదలైన బల్లార్‌పూర్ కాగితం మిల్లు ఆ వెదురును చూసుకునే వెలిసింది. అదే రైలుమార్గంలో ఇంకాస్త దక్షిణాన, 1938లో నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లు కథా అంతే. మనవైపు మేదరులు, ఇక్కడ బురుడ్లు అల్లే చేటలు, తట్టలు, గంపలు ఆ వెదురువే. మన పెళ్ళిళ్ళలో మేనమామ పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తెస్తాడు. ఇక్కడివాళ్ళు గుడీపాడ్వానాడు వెదురుకర్రకు పట్టుగుడ్డ కట్టి చెంబు బోర్లించి వాకిట్లో ఎత్తుతారు. ఆరోజే మనకు ఉగాది. ఒకే రోజున ఎదురింట్లో వెదురుకర్ర, మన ఇంట్లో వేపపువ్వు పచ్చడి.

ఇంకో చిత్రం వినండి. 1927 నాటి భారత అటవీ చట్టం గడ్డిజాతి అయిన వెదురును చెట్టుగా లెక్కకట్టింది. కొట్టాలన్నా, రవాణా చెయ్యాలన్నా అనుమతులు. పక్కనున్న గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా గ్రామసభ తమ అడవిలోని వెదురు మీద హక్కు కోసం ఎన్నో ఏళ్ళు పోరాడి, 2011లో రవాణా అనుమతులు తానే ఇచ్చుకునే అధికారం సంపాదించింది. అడవి వెలుపల పెంచిన వెదురును చెట్ల జాబితాలోంచి తీసేసింది 2017లో. అంటే తొంభై ఏళ్ళపాటు సర్కారు గడ్డిని చెట్టు అంది. ఇప్పుడు బజారు వెదురు కానిదాన్ని వెదురంటోంది. పేర్ల విషయంలో ఎవరూ తక్కువ తినలేదు.

పేరు గొడవ ఎందుకింత చెప్పానంటే, దానివల్ల పెంపకంలో తేడా వస్తుంది. అసలు వెదురు మొక్క వేళ్ళు రోజులతరబడి నీళ్ళలో నానితే కుళ్ళిపోతాయి. ఈ డ్రసీనా వేళ్ళు నీళ్ళలో హాయిగా బతుకుతాయి. అలాగని ఇది నీటిమొక్క కూడా కాదు. ఆకులు గాలిలో ఉండి తీరాలి. దుకాణంవాడు తొట్టి అడుగున మొత్తం ముంచిపెట్టి చూపిస్తాడు, పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది. కాడలో దాచుకున్న నిల్వ మీద కొన్నివారాలు, ఒక్కోసారి కొన్నినెలలు అలా గడుపుతుంది. ఆ తర్వాత పసుపురంగుకు తిరిగి, మెత్తబడి, కుళ్ళుతుంది. జీతం రాకుండా సేవింగ్స్ ఖాతాలోంచి తీసుకుని తింటున్న సంసారం లాంటిదది. పైకి ఏమీ తెలియదు.

అందుచేత తొట్టి లోతు కొలిచి కాడ కొనాలి. మా ఇంట్లో ఉన్నది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న మామూలు తొట్టి. నిండా పోస్తే సుమారు 54 లీటర్లు పడుతుంది. మేము 45 లీటర్ల దగ్గర ఆపుతాం. అందులోకి అడుగున్నర పొడవుకు తగ్గని కాడలైతే ఆకులన్నీ నీటిమట్టానికి పైన ఉంటాయి. గులకరాళ్ళలో కాడ అడుగు రెండంగుళాలు గుచ్చి, పైన తొట్టి అంచుకు నూలుదారంతో వదులుగా కట్టాలి. ఇనుపతీగ వద్దు, తుప్పు నీళ్ళలో దిగుతుంది. పొట్టికాడలే ఉంటే చిన్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి అంచుకు తగిలిస్తే సరి, వేళ్ళు అవే కిందికి దిగుతాయి. వేళ్ళు ఎర్రగా, నారింజరంగులో ఉంటే కంగారు పడకండి, ఆరోగ్యమైన వేళ్ళ రంగే అది. నల్లబడి, జారుడుగా ఉండి, వాసన వేస్తేనే జబ్బు.

కొత్తకాడను దుకాణం నుంచి తెచ్చి నేరుగా తొట్టిలో పెట్టవద్దు. నర్సరీలో ఏ మందు కొట్టారో మనకు తెలియదు. బాగా కడిగి, రెండు వారాలు విడిగా సీసాలో ఉంచి, ఆ నీళ్ళు మూడునాలుగుసార్లు మార్చాక అప్పుడు చేపల దగ్గరికి పంపండి. కాడ పైకొసన ఎర్రటి మైనం ఉంటుంది. అది అలంకారం కాదు, కోసినచోట ఎండిపోకుండా వేసిన మూత. గీకెయ్యకండి. ఒకసారి ఏ కాడైనా పసుపుపచ్చగా మారి మెత్తబడితే ఇక జాలి పనికిరాదు, ఆరోజే తీసెయ్యాలి. కుళ్ళినదాని విషం చేపలకు తగులుతుంది, పక్కకాడలకూ అంటుకుంటుంది. ఇంట్లో పిల్లి, కుక్క ఉన్నవాళ్ళు మరో మాట గుర్తుంచుకోవాలి. ఈ ఆకులు నమిలితే వాటికి వాంతులవుతాయి.

ఇక చేపకూ మొక్కకూ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోడం చూద్దాం. చేప విసర్జించేది అమోనియా. అది కొంచెమైనా విషమే. నీటిలో, గులకరాళ్ళ మీద పెరిగే ఒకరకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. మరోరకం సూక్ష్మజీవులు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. దీని విషం చాలా తక్కువ, పైగా మొక్కకు ఎరువు. లక్కీ బాంబూ వేళ్ళు దాన్ని పీల్చుకుంటాయి. అందుకే తొట్టిలో ఉన్న కాడకు వేరే ఎరువు వెయ్యకూడదు, వేస్తే చేపలు పోతాయి. ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి మూడు నుంచి ఆరువారాలు పడుతుంది. తొట్టి కొన్న ఆదివారమే పది చేపలు వేసి, బుధవారానికి నాలుగు మిగిలాయని దుకాణంవాణ్ణి తిట్టుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. మొదట రెండో మూడో వెయ్యండి.

అయితే కొందరు మిత్రులు మొక్క ఉంది కదా, ఇక నీళ్ళు మార్చనక్కర్లేదంటారు. నేను ఒప్పుకోను. ఇది నిదానంగా పెరిగే మొక్క. పెరుగుదల ఎంతో పీల్చుకునేదీ అంతే. ఆ పనికి మనీప్లాంటు తీగ చాలా నయం, అది ఆబగా పెరుగుతుంది. అంతకంటె ముఖ్యమైన పొరపాటు అభిప్రాయం ఇంకోటి ఉంది. మొక్క చేపలకు ప్రాణవాయువు ఇస్తుందని, కాబట్టి గాలిపంపు అక్కర్లేదని. నీళ్ళలో మునిగి పెరిగే నాచు, నీటిమొక్కలు ఇస్తాయి, నిజమే. దీని ఆకులు గాలిలో ఉన్నాయి కనుక అది విడిచే ప్రాణవాయువు మన గదిలోకి పోతుంది, చేపకు ఒరిగేది ఏమీ లేదు.

ఈ సంగతి మామూలు ఊళ్ళలో ఎలా ఉన్నా మన వరోరాలో ప్రాణం మీది మాట. మే నెలలో చంద్రపూర్ జిల్లా ఎండ 46, 47 డిగ్రీలకు పోవడం మనకు వింతకాదు. మా ముందుగదిలో కూలర్ నడుస్తున్నా తొట్టినీళ్ళు మధ్యాహ్నం 33, 34 డిగ్రీలు చూపిస్తాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప శరీరం మాత్రం ఎక్కువ ప్రాణవాయువు అడుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగినప్పుడు ఏ సంస్థయినా మునుగుతుంది. పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడుతున్న చేపలంటే అదే.

గాలిపంపు ఖర్చు గురించి భయపడే గృహిణుల కోసం లెక్క కట్టి చూశాను. మూడు వాట్ల పంపు ఇరవై నాలుగు గంటలూ నడిస్తే రోజుకు 72 వాట్-గంటలు, నెలకు రెండు యూనిట్ల పైచిల్లర. అంతే. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే చిన్నపంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. అదీ లేకపోతే చెంబుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి ధారగా మళ్ళీ అందులోనే పొయ్యండి. మా ఆవిడ ఒక మే మధ్యాహ్నం రెండుగంటలపాటు పావుగంటకోసారి అలా పోసి గప్పీలన్నిటినీ నిలబెట్టింది. ఐసుముక్కలు వెయ్యవద్దు. ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. తొట్టిమూత తీసి, చిన్న టేబుల్‌ఫ్యాన్ నీటి ఉపరితలం మీదుగా వీచేట్టు పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కిటికీ ఎండ మాత్రం తగలకూడదు. నేరుటెండకు ఆకులు మాడతాయి, తొట్టి నాచుపడుతుంది, నీళ్ళు మరీ కాగుతాయి.

ఏ చేపలు మంచివంటే, మన ఎండకు, మన గట్టినీటికి గప్పీలు, మోలీలు తగినవి. గోల్డ్‌ఫిష్ చల్లనీటి చేప, పైగా మహా మలినం చేస్తుంది, లేతవేళ్ళు కొరుకుతుంది. చూడచక్కగా ఉంటుంది గాని ఇక్కడి వేసవికి దాన్ని తేవడం ఆ ప్రాణికి శిక్ష.

పుట్టినరోజు కానుకగా ఈమధ్య ఇంకో వస్తువు చేతులు మారుతోంది. సన్నమూతి గాజుకూజాలో ఒక ఫైటర్ చేప, పైన లక్కీ బాంబూ. చేప వేళ్ళు తింటుంది, మొక్క చేప మలినం తింటుంది, మీరు ఏమీ చెయ్యనక్కర్లేదని చెప్పి అమ్ముతారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కాని ఫైటర్ చేప మాంసాహారి. దోమపిల్లల్నీ పురుగుల్నీ తినే జాతి. వేళ్ళు తిని బతకదు. ఆకలికి కొరికితే కొరకవచ్చునేమోగాని దానితో పొట్ట నిండదు. దానికి మొప్పలతోపాటు తలలో మరో శ్వాసావయవం ఉంటుంది, పైకొచ్చి గాలిని గుటకవేసి బతుకుతుంది. కూజామూతిని కాడలతో, వేళ్ళతో బిగించేస్తే పైకి రావడానికి చోటెక్కడ? ఊపిరాడక పోతుంది. అది పోయిన తర్వాత అదృష్టం తెస్తుందన్న మొక్క దాని పక్కనే నిగనిగలాడుతూ ఉంటుంది. చిన్నపిల్లల చేతికి ఇలాంటి కానుక ఇచ్చేముందు మనం కాస్త ఆలోచించాలి.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. నీళ్ళు.

లక్కీ బాంబూ పెట్టిన ఆరునెలలకు చాలామంది అడిగే ప్రశ్న, ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండుతున్నాయేం అని. కారణాలు చాలా ఉండవచ్చు. మన విదర్భ వడగాలికే ఆకుకొసలు మాడతాయి. నీళ్ళలో ఉప్పులు ఎక్కువైనా, క్లోరిన్ ఎక్కువైనా మాడతాయి. వీటితోపాటు డ్రసీనాజాతికి ప్రత్యేకంగా పడనిది ఫ్లోరైడ్. వేళ్ళు పీల్చుకున్న ఫ్లోరైడ్ ఆకు కొసకు చేరి పేరుకుంటుంది, అక్కడినుంచి ఆకు చావడం మొదలవుతుంది. చంద్రపూర్ జిల్లాలో కొన్ని గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ మోతాదుకు మించి ఉందన్నది కొత్త వార్త కాదు.

చాలా ఇళ్ళలో జరిగేదేమంటే, తొట్టిలో నీళ్ళు తగ్గినప్పుడల్లా బోరునీళ్ళు పోసి నింపుతారు. ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఉప్పులు, ఫ్లోరైడ్ అక్కడే ఉండిపోతాయి. ఒక లెక్క చూడండి. 45 లీటర్ల తొట్టి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్ళు. వేసవిలో రోజుకు లీటరు ఆవిరైతే, నెలన్నరలో మనం మరో 45 లీటర్లు పోస్తాం. తొట్టిలో నీటిమట్టం మారలేదు, ఫ్లోరైడ్ మాత్రం రెట్టింపై లీటరుకు 3 మిల్లీగ్రాములకు చేరింది. ఖాతాలో అసలు అలాగే ఉంది, వడ్డీ కూడుతూ పోతోందన్నమాట. అందుకే నింపితే చాలదు, మార్చాలి. వారానికోసారి పావువంతు పాతనీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. తీసిన నీళ్ళు పెరటిమొక్కలకు మంచి ఎరువు.

నల్లానీళ్ళయితే బకెట్టులో ఒకరోజు నిలవ ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. ఫ్లోరైడ్ అలా పోదు. కాచినా పోదు, ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్.ఓ. యంత్రం పెట్టుకున్నవాళ్ళు అందులో వచ్చిన మంచినీళ్ళు సగం, మామూలు నీళ్ళు సగం కలిపి వాడవచ్చు. పూర్తిగా ఆర్.ఓ. నీళ్ళే పోస్తే చేపలకు కావలసిన ఖనిజాలు ఉండవు. పొదుపు పేరుతో ఆ యంత్రం వదిలేసే వ్యర్థపు నీళ్ళు తొట్టిలో పోసేవాళ్ళున్నారు. యంత్రం వడకట్టి తీసేసిన ఫ్లోరైడ్ అంతా ఉన్నది వాటిలోనే. ఇల్లు తుడవడానికి వాడండి, మొక్కకు, చేపకు వద్దు. అన్నిటికంటె మేలైనది వాననీరు. జూలైలో డాబామీద మొదటి రెండు వానలు వదిలేసి, ఆ తర్వాతి నీళ్ళు పట్టి డ్రమ్ములో మూతపెట్టి ఉంచుకుంటే సంక్రాంతి దాకా వస్తాయి. మూత మాట మరవకండి, ఎందుకో తర్వాత చెబుతాను.

ఆకుకొస మాడడం ఫ్లోరైడ్ పరీక్ష కాదు. కంటితో చూసి ఇది వడగాలి, ఇది ఫ్లోరైడ్ అని చెప్పడం కుదరదు. కాని ఆ తొట్టిలో పోస్తున్న బోరునీళ్ళే పిల్లలు తాగుతున్నట్టయితే, నెలల తరబడి కొసలు మాడుతున్న ఆకును చూసి ఒక సీసాడు నీళ్ళు పరీక్షకు పంపించడంలో నష్టం లేదు. జిల్లాకేంద్రంలో భూజల సర్వేక్షణ సంస్థ వారి ప్రయోగశాల ఉంది. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదు, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా. అంతకు మించిన నీళ్ళు ఎనిమిదేళ్ళలోపు పిల్లలు ఏళ్ళతరబడి తాగితే వచ్చే శాశ్వతదంతాల మీద మచ్చలు పడతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు పట్టేస్తాయి.

ఈ బాధ తెలుగువాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మనదేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి వెల్లడించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో. నల్లగొండ పేరు చెబితే నడుం వంగిన మనుషులే కళ్ళముందు నిలుస్తారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దింపే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు. ఆ పద్ధతిని 1970లలో రూపొందించింది ఎక్కడనుకున్నారు? మన పక్కనే, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ నీరీలో. మన ఊళ్ళో 1950ల ఆరంభంలో బాబా ఆమ్టే రాళ్ళనేల మీద ఆనందవన్ మొదలుపెట్టినప్పుడు తొలిపనుల్లో ఒకటి బావి తవ్వుకోవడం. ఇక్కడ నీరు దొరకడం ఒక కష్టం, దొరికిన నీరు మంచిదేనా అన్నది ఇంకో కష్టం.

ఇక డ్రమ్ముకు మూత సంగతి. రెండేళ్ళ క్రితం వానలు వెలిశాక మా వరుసలోనే ఒకరింట్లో ఏడో తరగతి పిల్లవాడికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతే నాగపూర్ తీసుకెళ్ళి వారంరోజులు ఉంచారు. పిల్లవాడు దక్కాడు, అదే పదివేలు. వాళ్ళు ఊళ్ళో లేనప్పుడే మునిసిపాలిటీవాళ్ళు టార్చిలైట్లు పట్టుకుని వీధంతా వెతికారు. కూలర్లు, టైర్లు, డాబామీద డబ్బాలు అన్నీ చూశారు. పిల్లవాడి తల్లి మహా శుభ్రమైన మనిషి. వాళ్ళ కూలరు ఎండగట్టి ఉంది, ట్యాంకుకు మూత ఉంది. ఆవిడ తిరిగొచ్చాక మళ్ళీ వచ్చి ఇంట్లోకి వెళ్ళి చూస్తే, భోజనాల బల్ల పక్కన గాజుగ్లాసులో లక్కీ బాంబూ. రంగురాళ్ళ మధ్య దోమపిల్లలు గిలగిల తిరుగుతున్నాయి. నీళ్ళు తగ్గినప్పుడల్లా ఆవిడ పోస్తూనే ఉంది పాపం, మార్చాలని ఎవరూ చెప్పలేదు. ఆ దోమే ఆ పిల్లవాణ్ణి కుట్టిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. కాని ఆవిడ ముఖం చూసినవాళ్ళకు ఆ మాట ఓదార్పు అనిపించలేదు.

ఇది మన ఒక్క ఊరి ముచ్చట కాదు. ముంబయి మహానగరపాలికవాళ్ళు ఇంటింటి తనిఖీల్లో దోమపిల్లలు దొరికే చోట్లలో లక్కీ బాంబూ, మనీప్లాంటు గ్లాసులను పేరుపెట్టి మరీ హెచ్చరిస్తుంటారు. అమెరికాలో మరీ పెద్ద కథ నడిచింది. మొదట్లో చైనానుంచి ఈ కాడలను పొడిగా కట్టి విమానాల్లో పంపేవారు. గిరాకీ పెరిగాక ఖర్చు కలిసొస్తుందని ఓడల్లో, కంటెయినర్లలో, రెండుమూడంగుళాల నీళ్ళలో నిలబెట్టి పంపడం మొదలుపెట్టారు. 2001లో లాస్ ఏంజెలెస్ రేవులో ఆ కంటెయినర్లు తెరిస్తే డెంగీ మోసే ఆసియా పులిదోమ అందులోంచి లేచింది. నీళ్ళలో నిలబెట్టి పంపడాన్ని ఆ ఏడాదే ఆపించారు. 2005లో నెదర్లాండ్స్‌లోని గాజు నర్సరీల్లోనూ ఇదే మొక్క వెంట అదే దోమ దొరికింది. కిరాయిలో మిగుల్చుకున్న డబ్బు ఒకరి పద్దులో, దోమల ఖర్చు ఇంకొకరి పద్దులో. వాణిజ్యశాస్త్రం పాఠాల్లో ఈ రెండో పద్దు గురించి మాకు ఎక్కువ చెప్పలేదు.

డెంగీ దోమ గుడ్డునుంచి రెక్కలొచ్చేదాకా పట్టేది ఎనిమిది నుంచి పదిరోజులు. కనుక ఏ గ్లాసులోనైనా నీళ్ళు వారంలోపు మార్చాలి. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ దోమ గుడ్లు పెట్టేది నీళ్ళలో కాదు, నీటి అంచుకు కాస్త పైన, గాజుగోడకు అంటించి. ఎండినా నెలలతరబడి బతికి, మళ్ళీ నీరు తగిలినప్పుడు పొదుగుతాయి. అందువల్ల నీళ్ళు పారబోసి కొత్తనీళ్ళు పోస్తే చాలదు. గ్లాసు లోపలి గోడను పీచుతో రుద్ది కడగాలి, రాళ్ళూ కడగాలి.

ఈ లెక్కన చూస్తే లక్కీ బాంబూ ఒంటరిగా గ్లాసులో ఉండడం కంటె చేపలతొట్టిలో ఉండడమే క్షేమం. పంపు గాలికి నీటి పైభాగం కదులుతూ ఉంటుంది కనుక దోమ ఇష్టపడదు, పెట్టినా పిల్లలు నీళ్ళలోకి రాగానే గప్పీలు మింగేస్తాయి. రాత్రి చేపకు మేతవేసే పని కూడా తప్పుతుందని మా ఆవిడ హాస్యం. ఒక జాగ్రత్త ఏమంటే, కాడలను తొట్టిలో కాక, అంచుకు తగిలించిన ఫిల్టరు పెట్టెలోనో, విడి డబ్బాలోనో పెడితే అక్కడికి చేపలు పోలేవు. నీరు నిలిచిపోయే అటువంటి మూలలు వారానికోసారి చూసుకోవాలి. గప్పీలు సంవత్సరం తిరిగేసరికి పదింతలవుతాయి. ఎక్కువైనవాటిని కాలనీవాళ్ళకు కూలరు, తొట్టి, డ్రమ్ము కోసం పంచండి గాని చెరువులోనో వాగులోనో వదలకండి. అవి దక్షిణ అమెరికా చేపలు, స్థానికపు చిన్నచేపల మేతలో వాటా కొస్తాయి.

కాడలు ఎన్ని పెట్టాలని కూడా అడుగుతుంటారు. రెండయితే ప్రేమ, మూడయితే సుఖం, అయిదయితే ఆరోగ్యం అని దుకాణాల్లో చీటీలు అతికించి ఉంటాయి. నాలుగు మాత్రం పెట్టరు. చైనా భాషలో నాలుగు అనే మాట చావు అనే మాటలాగే వినపడుతుందట. మనకు నాలుగుతో ఏ పేచీ లేదు, నలుగురూ రావాలనే కదా కోరుకుంటాం. నన్నడిగితే రెండడుగుల తొట్టికి ఆరేడు కాడలు మించకూడదు, మించితే వేళ్ళు అల్లుకుపోయి చేపలు తిరగడానికి చోటు ఉండదు. మా తొట్టిలో ఉన్నవి నాలుగే.

రెండుమూడేళ్ళకు పైకొమ్మ బారెడు పెరిగి ఒరిగిపోతుంది. అప్పుడు కణుపుకు ఒక అంగుళం పైన పదునైన కత్తితో కోసెయ్యండి. కింది కాడ పక్కనుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. కోసిన పైముక్కను కింది ఆకులు తీసి, సీసాలో వాననీటిలో నీడన పెడితే నెలా నెలన్నరలో వేళ్ళు దిగుతాయి. ఎవరైనా అడిగితే అది ఇవ్వవచ్చు. వేళ్ళు దిగేదాకా సీసా మూతికి కాడచుట్టూ పలచటి గుడ్డ బిగించి కట్టండి, దోమ లోపలికి పోకుండా.